తాగుబోతు అనేది రోగం పేరు కాదు

పొట్ట కుండలా వుబ్బుతుంది. కాళ్లూ చేతులూ పుల్లలౌతాయి. కళ్లు పచ్చబడతాయి. ఒకనాటి రాత్రి మనిషి గిన్నెడు నెత్తురు కక్కుతాడు. తెల్లారేసరికి వాడలో డప్పు మోగుతుంది.

ఈ చావు చూడని పల్లె లేదు, గూడెం లేదు. వూళ్లో పెద్దరైతు ఏమంటాడు? "తాగి తాగి పోయాడు" అంటాడు. వాడలోనే కొందరు "ఎవరో చేతబడి చేశారు, నెత్తురు కక్కించారు" అంటారు. ఆసుపత్రిలో "లివర్ పోయింది, ఇంటికి తీసుకుపోండి" అంటారు. మూడు నోళ్లూ వేరు, మాట మాత్రం ఒక్కటే. చేసేదేం లేదంట!

చేసేది వుందని చెప్పడానికే మేం ఇది రాస్తున్నాం. నెత్తురు కక్కకముందే ఆపే మాత్ర వుంది. రోజుకి దాని ఖర్చు హోటల్లో తాగే ఒక టీ ఖర్చు కంటే మించదు. కక్కినవాణ్ణి బతికించే పద్ధతి వుంది. పొట్టలో నీరు తగ్గించే మందులున్నాయి. పట్నంలో పెద్ద పెద్ద అద్దాల ఆసుపత్రులకి పోయేవాళ్లకి ఇవన్నీ అందుతున్నాయి. మన దాకా రావడం లేదు. అడ్డం పడుతున్నది డబ్బొక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. డబ్బుతో పాటు ఒక మాట అడ్డం పడుతోంది. 'తాగుబోతు' అనే మాట.

ముందు జబ్బేమిటో తెలుసుకుందాం. తెలిస్తేగానీ అడగలేం.

పేగులూ, కడుపు సంచీ, బల్లా (డాక్టర్లు ప్లీహం అంటారే, అది) వీటిలో తిరిగిన నెత్తురంతా ఒక పెద్ద నాళంలో చేరి కాలేయానికి పోతుంది. దాని పేరు పోర్టల్ సిర. నిమిషానికి లీటరు నెత్తురు అటూ ఇటూగా ఈ దారినే పోతుంది. మన లెక్కలో చెప్పాలంటే ఇది చెరువు తూము నుంచి పొలానికి పోయే పెద్దకాలవ. కాలేయమే పొలం. సారా వల్లో, కామెర్ల వైరస్ వల్లో, కొవ్వు పట్టడం వల్లో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దాన్నే సిర్రోసిస్ అంటారు. గట్టిపడ్డ కాలేయంలోకి నెత్తురు సరిగ్గా దిగదు. కింద కాలవ పూడిపోయి, పైనుంచి నీళ్లు వస్తూనే వుంటే ఏమౌతుందో రైతుకూలీకి ఎవరూ చెప్పక్కర్లేదు. కట్టమీద వొత్తిడి పెరుగుతుంది. కట్ట ఎక్కడ పలచగా వుంటే అక్కడ నీరు పక్కదారి చూసుకుంటుంది. నెత్తురూ అంతే. అన్నం దిగే గొట్టం అడుగున, కడుపు సంచి మొదట్లో వుండే సన్న నాళాల్లోకి మళ్లుతుంది. అవి జలగల్లా వుబ్బుతాయి. ఒకరోజు గండి పడుతుంది. చేతబడి అని మనవాళ్లు భయపడే నెత్తురు వాంతి ఈ గండే.

ఈ వొత్తిడికి పోర్టల్ హైపర్‌టెన్షన్ అని పేరు. చేతికి పట్టీ చుట్టి చూసే బి.పి. వేరు, ఇది వేరు. చేతి బి.పి. తక్కువున్నవాడికి కూడా లోపల ఇది ఎక్కువుండొచ్చు. పాదరసం మిల్లీమీటర్ల లెక్కన మామూలుగా ఇది 5 దాటదు. 10కి చేరితే చిక్కులు మొదలైనట్టే. 12 దాటితే గండి పడే ప్రమాదం వుంది. నెత్తురు వెనక్కి తన్ని బల్ల పెరుగుతుంది. పెరిగిన బల్ల ప్లేట్‌లెట్లని మింగుతుంది. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే ఇప్పుడు వూరందరికీ తెలుసు. లివర్ జబ్బున్నవాడికి ప్లేట్‌లెట్లు లక్షన్నర కిందికి దిగాయంటే లోపల వొత్తిడి పెరిగిందేమో చూడమని అడగాలి. ఇదేం వేల రూపాయల పరీక్ష కాదు. మామూలు రక్తపరీక్షే.

ఇక మందు సంగతి. జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1960లలో గుండెజబ్బు వాళ్లకోసం ప్రొప్రనొలాల్ అనే మాత్ర కనిపెట్టాడు. ఆయనకి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే మాత్రని 1981లో ఫ్రాన్సులో లెబ్రెక్ అనే వైద్యుడూ ఆయన తోటివాళ్లూ సిర్రోసిస్ వచ్చి ఒకసారి నెత్తురు కక్కినవాళ్లకి ఇచ్చి చూశారు. 74 మంది రోగులు. మాత్ర వేసుకున్నవాళ్లలో ఏడాది తిరిగేసరికి నూటికి 96 మంది మళ్లీ నెత్తురు కక్కలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కక్కనివాళ్లు నూటికి 50 మందే. తర్వాత జరిగిన పరీక్షల్లో ఫలితం అంత గొప్పగా రాకపోయినా మాత్ర పనిచేస్తుందన్నది మాత్రం నిలబడింది. నాళాలు బాగా వుబ్బి ఇంకా పగలనివాళ్లలో రెండేళ్లలో నూటికి పాతికమంది నెత్తురు కక్కేచోట, మాత్ర వేసుకుంటే పదిహేను మందికి తగ్గింది. ఎట్లా పనిచేస్తుందంటారా? పూడిన కాలవని ఈ మాత్ర తవ్వదు. తూము దగ్గర వదిలే నీళ్లని తగ్గిస్తుంది. కట్టమీద వొత్తిడి తగ్గుతుంది.

ఇప్పుడు ప్రొప్రనొలాల్ కంటే కార్వెడిలాల్ అనే మాత్ర మేలంటున్నారు. ఇటలీలో బవేనో అనే వూళ్లో 1990లో మొదలైన వైద్యుల సమావేశం ఒకటుంది. ఈ జబ్బుకి ఏ మందు ఎప్పుడివ్వాలో ప్రపంచమంతా ఆ మాట చూసుకుంటుంది. 2021లో ఏడోసారి కూడి 2022లో అచ్చేసిన తీర్మానాల్లో కార్వెడిలాల్‌నే ముందు పెట్టారు. అంతకుముందు 2019లో స్పెయిన్ వైద్యులు 201 మంది రోగుల మీద చేసిన పరీక్షలో, పొట్టలో నీరు రాకముందే, నెత్తురు కక్కకముందే ఈ రకం మాత్రలు మొదలుపెడితే జబ్బు ముదరడమో చనిపోవడమో జరిగినవాళ్లు నూటికి 27 నుంచి 16కి తగ్గారు. అంటే మాత్ర నెత్తురుని ఆపడంతో సరిపెట్టడం లేదు, పొట్టలో నీరు రావడాన్ని కూడా వెనక్కి నెడుతోంది.

ఇదంతా చదివి ఎవరూ మందులషాపుకి పోయి సొంతంగా కొని మింగొద్దు. వుబ్బసం వున్నవాడికి ఇది పడదు. నాడి మరీ నెమ్మదిగా కొట్టుకునేవాడికి, పై బి.పి. 90 కంటే తక్కువున్నవాడికి ప్రమాదం. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, నాడీ బి.పి. చూస్తూ పెంచాలి. మొదలుపెట్టాక డబ్బుల్లేవనో, బాగానే వుందనో చటుక్కున ఆపకూడదు. డాక్టరు రాయాల్సిన మందే ఇది. మరి డాక్టరు ఎందుకు రాయడం లేదన్నదే మా పేచీ.

ఒక పెద్దాసుపత్రిలో మేం కళ్లారా చూసింది చెప్తాం. పేర్లొద్దు. ఆయన జీవితమంతా దొరల పొలాల్లో పాలేరుతనం చేసినవాడు. నెత్తురు కక్కితే రాత్రికి రాత్రి ఆటోలో తీసుకుపోయాం. డ్యూటీలో వున్న కుర్ర డాక్టరు పొట్ట చూశాడు, కళ్లు చూశాడు, మమ్మల్ని చూశాడు. "తాగడం మాన్పించకుండా ఇక్కడికెందుకు తెచ్చారు?" అన్నాడు. "మానేసి రెండేళ్లయింది సారూ" అంది ఆయన భార్య. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. రాసుకున్న మాట ఇంగ్లీషులో కేసు కాగితం మీదుంది, 'దీర్ఘకాలపు తాగుబోతు' అని. రెండు సీసాల నెత్తురు ఎక్కించారు, నెత్తురు ఆగింది, నాలుగో రోజున పంపించేశారు. గొట్టం వేసి చూడలేదు. ఇంటికి పంపే కాగితంలో రెండు రకాల బలం మాత్రలున్నాయి. ఇంతసేపూ మేం చెప్పిన మాత్ర లేదు. మళ్లీ ఎప్పుడు రావాలో లేదు. నలభై రోజులకి మళ్లీ కక్కాడు. ఈసారి ఆటో వూరి పొలిమేర దాటలేదు.

ఒకసారి కక్కినవాడికి ఏ అడ్డుకట్టా వేయకపోతే ఏడాది రెండేళ్లలో నూటికి అరవై మంది మళ్లీ కక్కుతారని వైద్యుల పుస్తకాల్లోనే వుంది. అది చదివి పరీక్ష పాసైన డాక్టరే ఆ కాగితం రాశాడు. మందు తెలియక జరిగింది కాదిది. ఇతను మందుకి తగినవాడు కాడన్న లెక్క ముందే జరిగిపోయింది.

షుగరు ముదిరి గుండెపోటు వచ్చిన ఆసామిని "మిఠాయిలు తిన్నావు కదా, పో" అంటున్నారా? బండి మీద తాగి పడ్డ ఎమ్మెల్యే కొడుకుని "తాగావు కదా" అని గేటు బయట ఆపుతున్నారా? అతనికి ముందు వైద్యం, తర్వాత నీతి. మనకి ముందు నీతి. వైద్యం వస్తే వచ్చినట్టు.

నెత్తురు కక్కిన రాత్రి ఏం జరగాలో తెలుసుకోండి. కార్యకర్తలు ఇది కాస్త జాగ్రత్తగా చదవాలి. మనిషిని ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టండి, నెత్తురు వూపిరిగొట్టంలోకి పోకుండా. నోట్లో ఏమీ పోయొద్దు, సోడా కాదు, పసరు కాదు, చల్ల కాదు. 108కి ఫోన్ చెయ్యండి. నెత్తురు నోట్లోంచే రావాలని లేదు. తారులాగా నల్లగా, జిగురుగా, కంపుకొడుతూ దొడ్డికి వస్తే అదీ నెత్తురే. దానికీ అంతే తొందర కావాలి.

ఆసుపత్రిలో చేరాక నాళాల్ని ముడుచుకునేట్టు చేసే మందు ఎక్కించాలి. టెర్లిప్రెస్సిన్ గానీ ఆక్ట్రియోటైడ్ గానీ. గొట్టం పరీక్ష దాకా ఆగకుండా చేరిన వెంటనే మొదలుపెట్టాల్సిన మందు ఇది. సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ సూది కూడా వెంటనే పడాలి. నెత్తురు కక్కినవాడికి యాంటీబయాటిక్ ఎందుకని చాలామంది అనుకుంటారు. ఇట్లాంటి రోగుల్ని నెత్తురు పోవడం ఎంత చంపుతుందో ఆ వెంటనే వచ్చే చీము జబ్బులూ అంత చంపుతాయి. మనిషి కుదుటపడ్డాక, చేరిన 12 గంటల లోపు నోట్లోంచి కెమెరా గొట్టం వేసి, వుబ్బిన నాళం మెడకి చిన్న రబ్బరు రింగు బిగిస్తారు. మొలలకి రబ్బరు ముడి వేసే పద్ధతినే 1980లలో అమెరికాలో స్టీగ్‌మన్ అనే సర్జన్ గొంతు నాళాలకి తెచ్చాడు. కోత లేదు, కుట్లు లేవు. రింగు బిగిసిన నాళం ఎండి రాలిపోతుంది. ఒక్కసారితో అయిపోదు. కొన్ని వారాలకోసారి చొప్పున నాళాలు మాసిపోయేదాకా వెయ్యాలి. దాంతోపాటు పైన చెప్పిన మాత్రా వాడాలి. రెండూ కలిపితేనే రక్షణ.

గొట్టం పరీక్ష లేని చిన్న ఆసుపత్రి అయితే మందూ యాంటీబయాటిక్ మొదలుపెట్టి పెద్దచోటుకి పంపాలి. నెత్తురు ఎంతకీ ఆగకపోతే గొంతులో బెలూన్ గొట్టం వుబ్బించి అదిమిపెట్టే పద్ధతి వుంది. అది ఒక రోజుకి మించి వుంచేది కాదు, ప్రయాణానికి పనికొస్తుంది. జబ్బు బాగా ముదిరినవాళ్లలో కొందరికి మెడ నరంలోంచి పోయి కాలేయం లోపలే కొత్త కాలవ తవ్వినట్టు జాలీ గొట్టం పెడతారు, దాన్ని టిప్స్ అంటారు. మూడు రోజుల లోపు పెడితే ఆ కొందరికి ప్రాణం నిలుస్తుంది. ఖర్చెక్కువ, చేసేచోట్లు తక్కువ.

నెత్తురు ఎక్కించడం దగ్గర మనవాళ్లు తరచూ గొడవపడుతుంటారు. "ఇంకో రెండు సీసాలు ఎక్కించండి" అని. ఇక్కడ మాత్రం డాక్టరు వైపు న్యాయముంది. హిమోగ్లోబిన్ 7 దగ్గరికి పడిపోతే ఎక్కిస్తారు, 7–8 మధ్య వుంచుతారు. అంతకంటే ఎక్కువ ఎక్కిస్తే కాలవలో నీళ్లు పెరిగి గండి మళ్లీ తెగుతుంది. బార్సిలోనాలో చేసిన పరీక్ష 2013లో అచ్చయింది. తక్కువ ఎక్కించినవాళ్లే ఎక్కువమంది బతికారు. కాబట్టి నెత్తురు సీసాల లెక్క మీద కొట్లాడొద్దు. రబ్బరు రింగు ఎప్పుడు వేస్తారన్నదాని మీద కొట్లాడండి.

ఇవన్నీ సరిగ్గా జరిగితే ఏమౌతుంది? 1980లకి ముందు నెత్తురు కక్కినవాళ్లలో నూటికి నలభై మందికి పైగా ఆరు వారాల్లో పోయేవారు. ఇప్పుడు మంచి వైద్యం అందేచోట అది పదిహేను, ఇరవైకి దిగింది. మన వాడల్లో దిగిందా? మీ వాడలో మీరే లెక్కపెట్టుకోండి.

పొట్టలో నీరు సంగతి వేరే చెప్పుకోవాలి. ఎందుకంటే ఇక్కడ మన తిండీ మన ఆర్‌ఎంపీ ఇద్దరూ వున్నారు. నీరు తగ్గడానికి స్పైరనోలాక్టోన్, దానికి తోడు ఫ్యూరోసెమైడ్ మాత్రలిస్తారు. ఒంట్లోంచి ఉప్పుని బయటికి తోలడమే వీటి పని. మరోపక్క మనం ఉప్పు పోస్తూ వుంటే ఏం లాభం? రోజు మొత్తానికి ఒక టీస్పూను, అంటే 5 గ్రాములకి అటూ ఇటూ మించకూడదు. చెప్పడం తేలిక. కూలికి పోయేవాడి సద్దిలో వున్నదేమిటి? గంజి, పచ్చడి, ఎండుచేప, ఎండు తునకలు. కూర కొనలేని ఇంట్లో అన్నం దిగేదే ఉప్పూ కారంతో. ఉప్పు మానమనే డాక్టరుకి ఈ సంగతి తెలియదు. తెలిసినా మనకి వేరే దారి లేదు, మానాల్సిందే. ఎండు తునకలు మాని పచ్చి కూర వండుకోవాలి. ఊరగాయ జాడీ రోగి కంటికి కనపడకుండా పెట్టాలి.

కూర అన్నాం కదా, దాని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కామెర్లు వచ్చినా పొట్ట వుబ్బినా మనవాళ్లు మొట్టమొదట చేసేది పత్యం. గుడ్డు మాన్పిస్తారు, చేప మాన్పిస్తారు, పెద్దకూర సరేసరి. కొందరు డాక్టర్లు కూడా 'ఆ కూర మానండి' అని మొహం చిట్లించి మరీ చెప్తారు. అందులో వైద్యమెంతో, ఆచారమెంతో? సిర్రోసిస్ రోగి కండ కరిగిపోయి చస్తాడు. కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలని ఇప్పటి వైద్యమే చెప్తోంది. యాభై కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో వుండేది ఆరు గ్రాములు. పప్పునీళ్లతో ఈ లెక్క తేలుతుందా? ఒకప్పుడు మతి తప్పిన లివర్ రోగులకి మాంసకృత్తులు తగ్గించేవాళ్లు. తగ్గించడం వల్ల లాభం లేదని 2004లో స్పెయిన్ వైద్యులు పరీక్షించి తేల్చారు. మతి తప్పే లక్షణాలున్నవాళ్లకి పప్పూ పెరుగూ ఇంకా బాగా పడతాయి, అది నిజం. మిగిలినవాళ్లు గుడ్డు తినొచ్చు, చేప తినొచ్చు, ఉప్పు తక్కువేసి వండిన పెద్దకూర తినొచ్చు. మన తిండి మన జబ్బుకి కారణం కాదు. రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. ఈ జబ్బున్నవాడికి ఒక రాత్రి పస్తు మామూలు మనిషి రెండు మూడు రోజుల పస్తుతో సమానం.

ఆర్‌ఎంపీ సంగతి. అర్ధరాత్రి పిలిస్తే పలికేవాడు ఆయనే, కాదనడం లేదు. కానీ నడుంనొప్పి అనగానే వేసే డైక్లోఫెనాక్ సూది లివర్ పాడైనవాడికి కిడ్నీ చెడగొడుతుంది, నెత్తురు కారేట్టు చేస్తుంది. బ్రూఫెన్ కూడా అంతే. నీరసమనగానే ఎక్కించే సెలైన్ సీసాలో వున్నది ఉప్పునీళ్లు. అది నేరుగా పొట్టలోకి చేరుతుంది. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, రోజుకి రెండు గ్రాములు దాటకుండా. ఇక కామెర్ల పసరు! చేతిమీద వాతలు పెట్టడం, కంట్లో పసరు పిండడం ఇప్పటికీ మానలేదు. మూలికలన్నీ మంచివేనన్న నమ్మకం కూడా వద్దు. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ముంబై వైద్యులు 2021లో అచ్చేశారు.

నీరు మరీ ఎక్కువైతే సూదితో తీస్తారు. "నీళ్లు తీస్తే మనిషి చస్తాడు" అన్న భయం వుంది. సరిగ్గా తీస్తే చావడు. ఒకేసారి అయిదు లీటర్లు మించి తీస్తే మాత్రం తీసిన ప్రతి లీటరుకీ 8 గ్రాముల లెక్కన అల్బుమిన్ ఎక్కించాలి. ఆ సీసా వేలల్లో వుంటుంది. "బయట కొనుక్కురండి" అని చీటీ చేతిలో పెడతారు. అక్కడే మేకలు అమ్ముడుపోతాయి, చెవుల కమ్మలు కుదువకి పోతాయి. సర్కారు ఆసుపత్రి తన స్టాకులో వుంచాల్సిన మందుకి చీటీ రాస్తే వూరుకోవద్దు. ఆరోగ్యశ్రీ కింద (ఆంధ్రలో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ) దేనికి డబ్బొస్తుందో ఆసుపత్రిలో ఆ కౌంటరు దగ్గరే అడగండి. నీరున్నవాడికి జ్వరమొచ్చినా, పొట్ట నొప్పెట్టినా, మాట తడబడి పగలు నిద్రా రాత్రి మెలకువా అయినా ఆరోజే తీసుకుపోవాలి. పొట్టలో నీటికి చీము పట్టి వుండొచ్చు. మతి తప్పడానికి లాక్టులోజ్ అనే పాకం మందుంది, రోజుకి రెండు మూడుసార్లు మెత్తగా దొడ్డికి అయ్యేట్టు తాగిస్తారు. దయ్యం పట్టిందని వేపమండలు పట్టుకోకండి.

ఇప్పుడు తాగనివాళ్ల సంగతి. సిర్రోసిస్ అనగానే సారా అనుకునేవాళ్లకి హెపటైటిస్ బి, సి వైరస్‌లు గుర్తురావు. ఒకే సూదితో వాడంతా పొడిచిన రోజులు మనకి గుర్తే. ఆ సూదుల మీద ఎక్కిన వైరస్ ఇరవై ఏళ్లకి కాలేయాన్ని రాయి చేస్తుంది. ఆసుపత్రి చెత్త ఎత్తేదెవరు? వాడిన సూదులు, నెత్తుటి గుడ్డలు చేతులతో ఏరేదెవరు? కులం అడగక్కర్లేదు, ఏ వార్డులోనైనా చీపురు పట్టుకున్న అక్కని అడగండి చాలు. ఆసుపత్రి చెత్త ఎత్తే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి టీకా వేయించాలని 2016 నాటి చెత్త నిబంధనల్లో రాసి వుంది. కాంట్రాక్టరు వేయించాడా? ఈ టీకాని మన దేశంలో మొదట తయారుచేసింది హైదరాబాదులోనే, శాంతా బయోటెక్నిక్స్, 1997లో. ఇరవై ఎనిమిదేళ్లకి పైగా పక్కనే తయారైన టీకా, అదే నగరంలో చెత్త ఎత్తేవాళ్ల భుజానికి చేరిందా లేదా అని అడిగేవాడు లేడు.

2018 జూలై 28న కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలూ మందులూ ఉచితం. సి అయితే చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా పోతుంది. బి పోదు, కానీ టెనోఫోవిర్ లాంటి మాత్రతో అణిగివుంటుంది. వైరస్ అణిగితే కాలేయం కొంత కోలుకుంటుంది, వొత్తిడీ తగ్గుతుంది. పుట్టిన బిడ్డకి 24 గంటల్లో బి టీకా వేయించండి. చిన్నపిల్లలు నెత్తురు కక్కడం కూడా వుంది. కాలేయం బాగానే వుండి, పోర్టల్ సిరే మూసుకుపోవడం వల్ల. దానికీ రబ్బరు రింగే వైద్యం. ఆ పిల్లవాడు ఎప్పుడు తాగాడు?

తాగుడు మంచిదని మేం అనడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా తోటి ఆడవాళ్లూ సారా మీద లేచినప్పుడు వాడల ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని ముందు నడిచారు. 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానాకి డబ్బు కావాలన్నారు. సీసా అమ్మి డబ్బు తీసుకున్న సర్కారే, ఆ సీసా తాగి నెత్తురు కక్కినవాణ్ణి 'నీ తప్పే' అనడమేం న్యాయం? సిర్రోసిస్ వచ్చాక ఒక్క గుక్క కూడా తాగకూడదు. కల్లూ అంతే. మానితే వొత్తిడి దిగుతుంది, నీరు పోయినవాళ్లున్నారు, పూర్తిగా కోలుకున్నవాళ్లూ వున్నారు. అందుకే మాన్పించాలి. అయితే రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఇంట్లో కట్టేసి మాన్పించే పని కాదు. దానికీ ఆసుపత్రీ మందులూ కావాలి. తాగుడు మాన్పించే వైద్యం కూడా వైద్యమేనని ఆసుపత్రి వొప్పుకునేదాకా 'తాగడం మానిపించు' అని ఆడమనిషిని కసరడం వుత్త చేతులు దులుపుకోవడమే.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ వాడలో పొట్ట వుబ్బినవాళ్లు, బల్ల పెరిగినవాళ్లు, ఒకసారి నెత్తురు కక్కి బతికినవాళ్లు ఎంతమందో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. జిల్లా ఆసుపత్రికో, ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దచోట్ల గ్యాస్ట్రో ఎంటరాలజీ విభాగానికో జట్టుగా తీసుకుపోండి. ఒక్కడు పోతే తాగుబోతు. పదిమంది కాగితాలతో పోతే రోగులు. తోడుపోయినవాళ్లు సారుతో మర్యాదగానే మూడు మాటలు అడగండి: గొట్టం పరీక్ష ఎప్పుడు? కార్వెడిలాల్ గానీ ప్రొప్రనొలాల్ గానీ రాశారా, రాయకపోతే ఎందుకు? హెపటైటిస్ బి, సి చూశారా? ఆర్నెల్లకోసారి కడుపు స్కానింగ్ తేదీ కూడా వేయించుకోండి, ఈ జబ్బులో కాలేయానికి క్యాన్సర్ వచ్చే అవకాశం వుంది గనక. ఇవన్నీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకున్నాకే బండెక్కండి.